నల్లద్దాల మేస్త్రమ్మ

నౌపడ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బొబ్బిలిలో మంగలి షాపులో కూర్చుని ఉన్నాను. సగం గెడ్డం గీయడం అయింది. ఫోన్ చేసింది ఉప్పు మళ్ళలో పనిచేసే మేస్త్రమ్మ కోడలు.

"బాబూ, మా అత్త పోయింది. నాలుగు రోజులు జొరం, అంతే. పెద్ద దినానికి ఊరోళ్ళు ఫ్లెక్సీ కడతామంతన్నారు. మాకాడ ఒక్క ఫోటో లేదు. నీ కాడ ఉంటాది కదేటి? అప్పుడు అన్నేసి ఫోటోలు తీసినావు."

"ఆధార్ కార్డులో ఉంటుంది కదమ్మా," అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"దాన్ని పెద్దది సేయించినాం. ఎవడో మగోడొచ్చినాడు. మా ఆయన్నే అడిగినాను, మీ యమ్మేనా ఇది అని. కాదన్నాడు."

ఉంటుంది, పంపిస్తానన్నాను. మంగలి మిగతా సగం గీశాడు. ఆవిడ నాకు చుట్టం కాదు, పక్కం కాదు. నన్ను ఒక్కసారైనా మెచ్చుకున్న మనిషి కూడా కాదు. అయినా ఇంటికొచ్చి పాత ల్యాప్‌టాప్ తెరిచి, అది లేచేదాకా దాని ముందు ఊరికే కూర్చున్నాను.

'ఎండ' అని పేరు పెట్టిన ఫోల్డరు ఒకటి ఉంది. అందులో ఉప్పు మళ్ళ ఫోటోలు వందకి పైగా ఉన్నాయి. మేస్త్రమ్మ చాలావాటిలో ఉంది. ముఖమే లేదు. ఒకదాంట్లో వీపు, ఒకదాంట్లో తాటాకు గిడుగు, మరోదాంట్లో గిడుగు కింద కళ్ళదాకా చుట్టిన తడి తువ్వాలు. ఇంకోదాంట్లో వేలు ఒక్కటే ఉంది, నన్ను పక్కకి జరగమంటోంది. ఎండ నుంచి ముఖం ఎలా కాపాడుకోవాలో ఈ మనిషికి నేర్పడానికే అప్పట్లో నాకు జీతమిచ్చి పంపించారు.

ముఖం ఉన్న ఫోటో ఒకే ఒక్కటి ఉంది. దాన్ని చెరిపేస్తానని ఆవిడకి మాటిచ్చి ఉన్నాను. చెరిపేశానని కూడా చెప్పి ఉన్నాను.

ఆ రోజుల్లో నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ ఆఫీసర్ని. ఎండలో పనిచేసేవాళ్ళని ఎండ నుంచి కాపాడటం మా సంస్థ పని. మా ఆఫీసులో ఏసీ ఉండేది కాబట్టి ఆ విషయం మీద తీరిగ్గా ఆలోచించే వీలుండేది. నౌపడ దగ్గర ఉప్పు పండించే ఒక కంపెనీ, పేరెందుకు లెండి, మా కార్యక్రమాన్ని తన మళ్ళలో పెట్టడానికి ఒప్పుకుంది. నన్ను పంపారు. పాసింజరు బండి దిగేటప్పుడు నా దగ్గర ఒక గోనె నిండా టోపీలు, అట్టపెట్టెలో నల్ల కళ్ళద్దాలు, లోషన్ ట్యూబులు, ఓఆర్ఎస్ పొట్లాలు, చంకలో చుట్టిన బొమ్మల చార్టు ఉన్నాయి.

శిక్షణ పదకొండున్నరకి పెట్టాను. బండి వచ్చేది పదికి కాబట్టి నాకు అదే వీలు. నలభై మంది ఆడవాళ్ళని గట్టు మీద నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడకూడదని ముప్పావుగంట చెప్పాను. ఉప్పు మళ్ళలో ఎండ రెండుసార్లు పడుతుంది. ఒకసారి పైనుంచి, మళ్ళీ ఒకసారి కింద తెల్లటి ఉప్పు మీంచి. నాకు చెమట కళ్ళలోకి కారుతోంది, చార్టు గాలికి ఎగిరి ముఖానికి కొట్టుకుంటోంది. వాళ్ళు మాత్రం కదలకుండా విన్నారు. ముందు వరసలో ఒకావిడ రెండు చేతులూ కర్ర మీద ఆనించి, తువ్వాలు సందులోంచి నన్నే చూస్తోంది. ఆవిడే వాళ్ళ మేస్త్రి. రిజిస్టర్లో ఒక పేరుంది గాని, ఆ పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు.

సందేహాలుంటే అడగండి అన్నాను.

"బాబూ," అంది మేస్త్రమ్మ, "నీ నీడ ఏదీ?"

చూసుకున్నాను. బూట్ల కింద ఉంది.

"నీ నీడ నీకన్నా పొడుగున్నంతసేపూ పని సేసుకో, ఎవులొద్దన్నారు? నీడ నీకన్నా కురసైపోయిందంటే ఆ ఎండ నీది కాదు. పైకొచ్చెయ్యాల. మా యమ్మ సెప్పింది ఈ ముక్క. నీ బొమ్మల్లో ఉన్నాదేటి?"

ఉంది. పదకొండో బొమ్మ. గాలికి రెండు పేజీలు ఒక్కసారే తిరగడంతో దాన్ని దాటేశాను. వెనక్కి తిప్పి చూపించాను. ఎవరో విదేశీయుడు తన పొట్టి నీడని చూసుకుని భయపడుతున్నాడు.

మేస్త్రమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "ఉన్నాది. మరి ఉంటే మమ్మల్నెందుకు నిలబెట్టినావు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆవిడే మళ్ళీ అంది: "సరే. ఈ బొమ్మొకటి సింపి నాకియ్యి. మిగతాయి నువ్వే ఉంచుకో. నాను దీన్ని కంపెనీ బాబుకి సూపించాల."

కంపెనీ బాబుకి ఎందుకు చూపించాలో గట్టు మీదే కూర్చుని చెప్పింది. అంతకు ముందు ఏడాది రోహిణి కార్తెలో ఆవిడ తోడికోడలు మిట్టమధ్యాహ్నం ఉప్పు మడిలో బోర్లా పడిపోయింది. లారీ లోడు కోసమని పన్నెండింటికి కూడా తట్టలు మోయిస్తున్నారప్పుడు. మధ్యాహ్నం ఒక గంట విరామం ఉండేది గాని, విరామానికి కూర్చునే చోటు లేదు. చూపు ఆనినంత మేరా ఒక్క చెట్టుండదు, ఉప్పు నేలలో చెట్టెక్కడ బతుకుతుంది? ఉప్పు తట్టలే తల మీద బోర్లించుకుని కూర్చునేవారు. పడిపోయిన మనిషిని తడికె మీద వేసుకుని రోడ్డు దాకా మోసుకెళ్ళారు. ఆటో వచ్చేసరికి అయిపోయింది. కాగితం మీద గుండెపోటు అని రాశారు.

"దాని గుండె నా గుండె కన్నా గట్టిది," అంది మేస్త్రమ్మ. "ఇద్దరం ఒక కుండలో సోడంబలి తాగినోళ్ళం. నాకు తెల్దేటి? ఎండకి పోయిందని రాస్తే ఎండని ఆపాల గదా, అందుకని గుండె అని రాసేసినారు."

ఆవిడకి కావలసినవి రెండే. మళ్ళ మధ్యలో ఒక నీడ పాక. నీడ కురచైన వేళ పని ఆపడం. వచ్చే రోహిణిలోపు ఆ రెండూ జరగాలి, ఇంకో మనిషి పడిపోకూడదు. అంతకు మించి నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

అప్పుడు నేను మా కార్యక్రమం ఎలా నడుస్తుందో ఆవిడకి వివరించాను. మొదటి విడతలో టోపీలు, అద్దాలు, లోషన్, ఓఆర్ఎస్. వాటిని అందరూ వాడుతున్నారని నిరూపిస్తే, రెండో విడతలో నీడ పాక, పనివేళల మార్పు.

"బువ్వెట్టకముందే తాంబూలం ఇచ్చినట్టున్నాది నీ యవ్వారం," అంది. ఓఆర్ఎస్ పొట్లం ఒకటి చింపి, వేలితో నాకి చూసింది. "ఉప్పు. మాకు ఉప్పు పట్టుకొచ్చినావా బాబూ, అంత దూరం నుంచీ?"

అదీ మా పరిచయం.

ఆ తర్వాత నాలుగు నెలలు వారానికోసారి వెళ్ళేవాణ్ణి. గట్టు మీద దూరంగా కనబడగానే "టోపీల బాబొచ్చినాడర్రా" అని కేక వినబడేది. ఆవిడ నడక చూస్తే మనిషి కుంటుతోందనుకుంటారు. కుంటు లేదు. రెండు అడుగులు వేసి ఒకసారి కర్ర నేలకి గుచ్చి, ఆ కర్ర నీడ చూసి మళ్ళీ రెండు అడుగులు వేస్తుంది. తెలియని వాళ్ళకి ఆవిడ కర్రతో మాట్లాడుతున్నట్టుండేది. అంబలి టిన్ను మూత తీసేముందు కొంచెం గట్టు మీద ఒలకబోసేది, తోడికోడలి వంతు. పచ్చిమిరపకాయ కొరికి, మిగతా సగం జాగ్రత్తగా కొంగుకి కట్టుకునేది. ఎవరైనా మడిలోకి దిగుతూ తువ్వాలు పొడిగా ఉంచుకున్నారా, వెనక నుంచి చెంబెడు నీళ్ళు నెత్తిన పడేవి. హెచ్చరిక ముందుండేది కాదు. ఇవన్నీ మా చార్టులో వేరే మాటల్లో ఉన్నాయి.

మా టోపీ మీద ఆవిడ అభిప్రాయం చిన్నది. "కిందనించి వచ్చే ఎండకి పైన టోపీ ఏటి సేత్తాది?" దానికి ముందు చూరుందే గాని వెనక లేదు, మెడ కాలిపోతుంది. గిడుగయితే తల, మెడ, భుజాలు మూడూ మూస్తుంది, లోపల గాలాడుతుంది, చిరిగితే తాటాకుతో మళ్ళీ అల్లుకోవచ్చు. టోపీ మీద కంపెనీ పేరు మాత్రం బాగా కనబడేది.

అద్దాల సంగతి వేరు. వాటిని ఆవిడ నిజంగానే పెట్టుకు చూసింది. మడి గట్టున నిలబడి అయిదు నిమిషాలు ఆ నీళ్ళని చూసి, తీసి నా చేతిలో పెట్టింది.

"ఉప్పు బెల్లంలాగ అగుపడతన్నాది బాబూ."

ఉప్పు పండించడంలో అసలు విద్య చూపులో ఉంది. నీళ్ళ మీద సన్నటి పొర ఒకటి కడుతుంది, తెల్లగా, ఊదితే పోయేంత. ఆ పొర మునిగి అడుగున గింజ కట్టేదాకా ఆగి, అప్పుడు కర్ర పలకతో లాగాలి. ముందు లాగితే బురద, ఆలస్యమైతే చేదు. ఆ తెలుపులో తెలుపుని పోల్చుకునే కళ్ళు ఆవిడవి. అందుకే మేస్త్రి అయింది. నల్లద్దాలు పెట్టుకుంటే మేస్త్రికీ, దారిన పోయేవాడికీ తేడా ఉండదు. మిగతా ఆడవాళ్ళు ఆవిడ పెట్టుకోలేదని పెట్టుకోలేదు. ఆ నలభై జతల అద్దాలూ ఇళ్ళకి చేరాయి. వాళ్ళ మగవాళ్ళలో చాలామంది సముద్రం మీదికి వేటకి వెళ్ళేవాళ్ళు. ఆ వారం నుంచి ఊళ్ళో పడవలన్నీ నల్లద్దాలతో బయల్దేరాయి. నేను నా నివేదికలో 'ఆరుబయట పనిచేసేవారి వాడకం సంతృప్తికరం' అని రాసుకున్నాను. అబద్ధం కాదు.

లోషన్ దగ్గర మాత్రం ఆవిడ నా మాట పూర్తిగా విన్నది. బట్ట కప్పని చోటల్లా రాసుకోవాలని నేను చెప్పాను. వాళ్ళు చీర మోకాళ్ళ పైకి ఎగదోపి మడిలో దిగుతారు, బట్ట కప్పని చోటు అంటే ముఖ్యంగా కాళ్ళు. మేస్త్రమ్మ ఎదురుగా నిలబడి అందరి చేతా మోకాళ్ళ నుంచి వేళ్ళ దాకా ట్యూబులు ఖాళీ చేయించింది, ఒక్కరిని వదల్లేదు. అలా ఇరవై మంది ఒకే మడిలో దిగారు. మూడో రోజుకి పక్క మళ్ళన్నీ గింజ కట్టాయి. ఆ మడి కట్టలేదు. నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలుతోంది. ఆ పొర కింద నీళ్ళు ఎండకి ఇగరడం మానేశాయి.

నాకు కబురొచ్చింది. వెళ్ళాను. కంపెనీ మేనేజరు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. మేస్త్రమ్మ మడిలో వేలు ముంచి వాసన చూసి, నాతో ఎంతో మర్యాదగా అంది:

"నీ మందు మంచిదే బాబూ. అబద్ధం ఆడకూడదు. నీళ్ళకి ఎండ తగలకుండా సేసింది."

మేనేజరు మంచివాడే. ఆ మాట నేను అందరి గురించీ అంటాను గాని, అతని విషయంలో కొంత నిజం. నీడ పాక అతనికీ ఇష్టమే. ఫైలు మాత్రం పై ఆఫీసులో ఉంది. పై ఆఫీసుకి మొదటి విడత వాడకం ఫోటోలు కావాలి. "ముఖ్యంగా మేస్త్రి ఫోటో ఉండాలండీ," అన్నాడు నాతో. "టోపీ, అద్దాలు, కంపెనీ పేరు, ముఖం, నాలుగూ కనబడాలి. మేస్త్రే పెట్టుకోకపోతే మిగతావాళ్ళ సంగతి అడుగుతారు. ఆ ఒక్కటీ పెడితే వేసవిలోపు పాక వేయించే పూచీ నాది."

ఇది ఆవిడకి చెప్పాను. సులువైన పనే కదా అనుకున్నాను. ఒక్క నిమిషం పెట్టుకుని తీసెయ్యడం.

"ఎట్టుకోని దాన్ని ఎట్టుకున్నానని ఎలాగ సెప్తాను?"

"చెప్పక్కర్లేదమ్మా. ఫోటో తీస్తాను, అంతే."

"అదే గదా సెప్పడం. మా తోడికోడలి కాయితం మీద కూడా ఎవులూ నోటితో సెప్పలేదు. రాసినారు, అంతే."

నాకు కోపం వచ్చింది. ఒక పాక కోసం నేను ఎన్ని ఉత్తరాలు రాశానో, ఎన్నిసార్లు పాసింజరు బండిలో నిలబడి వచ్చానో చెప్పాను. పంతానికి పోతే పాక రాదన్నాను. ఆవిడ విని, గిడుగు సర్దుకుని, రెండు అడుగులకో కర్ర గుచ్చుకుంటూ వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళిపోయాను. రెండు వారాలు నౌపడ మొహం చూడలేదు.

మూడో వారం వెళ్ళేసరికి మళ్ళీ మిట్టమధ్యాహ్నమే అయింది, ఆ రోజు బండి ఆలస్యం. గట్టు మీద ఆడవాళ్ళు గుంపు కట్టి ఉన్నారు. మధ్యలో మేస్త్రమ్మ కోడలు, కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్ల, కళ్ళు తేలేసి పడుకుని ఉంది. తట్టతో మడి దాటుతూ తూలిందట, వాంతి చేసుకుందట. మేస్త్రమ్మ తన గిడుగు ఆ పిల్ల ముఖానికి అడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో మెడ మీద నీళ్ళు పోస్తోంది. నేను తెచ్చిన ఓఆర్ఎస్ పొట్లాల్లో ఒకటి చింపి చెంబులో కలుపుతున్నారు. ఆ తెలుపులో నీడ అనేది ఆ ఒక్క గిడుగంతే ఉంది. గంట సేపు ఆవిడ ఆ చెయ్యి దించలేదు. ఆవిడ తల మీద ఏమీ లేదని నాకు చాలాసేపటికి గాని తట్టలేదు. తట్టాక నా గోనెలోంచి ఒక టోపీ తీసి ఆవిడ నెత్తిన పెట్టాను. వద్దనలేదు, చూడను కూడా లేదు.

పిల్ల తేరుకుంది. లేచి కూర్చుని, "అత్తా, లారీ ఎల్లిపోయిందేటి?" అంది. 

మేస్త్రమ్మ నా వైపు తిరిగింది. "ఏవి బాబూ ఆ అద్దాలు?"

తెచ్చి ఇచ్చాను. ఆవిడ ముఖానికి చుట్టిన తువ్వాలు విప్పింది. నాలుగు నెలల్లో ఆ ముఖం పూర్తిగా చూడటం అదే మొదలు. కళ్ళ కింద నుంచి అడ్డంగా ఒక గీత ఉంది. గీత పైన నల్లగా కమిలిపోయిన చర్మం, కింద చామనచాయ. గెడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. నేననుకున్న దానికన్నా చిన్న వయసు. అద్దాలు పెట్టుకుంది, టోపీ సరిగ్గా తిప్పుకుంది, కర్ర నిటారుగా పట్టుకుని నిలబడింది.

"నవ్వమంటావేటి?"

"అక్కర్లేదమ్మా."

"అద్గదీ. అబద్ధానికి నవ్వు కూడానా."

ఫోన్‌తో తీశాను. ఒకటే తీశాను, రెండోది అడిగే ధైర్యం లేదు. అద్దాలు తీసి నాకిచ్చేస్తూ అంది: "పాక లేసిన్నాడు ఆ ఫోటో సింపెయ్యాల. నా ముఖం మీద అబద్ధం ఉండకూడదు."

"చింపడానికి కాగితం కాదమ్మా, ఫోన్లో ఉంటుంది."

"అయితే తుడిపెయ్."

సరేనన్నాను.

ఆ ఫోటోని నివేదిక మొదటి పేజీలో పెట్టి, కింద 'వాడకం నూటికి నూరు శాతం' అని రాశాను. పై ఆఫీసు సంతోషించింది. రోహిణికి వారం ముందు పాక లేచింది. ఇనప స్తంభాలు, పైన రేకు, రేకు మీద తాటాకు, మూడు వైపులా తడికలు. పని పొద్దున్న అయిదుకి మొదలు, పదికి ఆపడం, మళ్ళీ మూడింటికి మొదలు అని నోటీసు అంటించారు. ఎండ అసలు తొమ్మిదికే కొడుతుందని మేస్త్రమ్మ వాదన. "కంపెనీ బాబుకి పదికి గాని సెమట పట్టదు, ఏటి సేత్తాం," అని ఒప్పుకుంది. పదయ్యేసరికి కర్ర గుచ్చి నీడ చూసి, ఖాళీ నూనె డబ్బా మీద మూడు దెబ్బలు కొట్టేది. ఆ వేసవి ఎవరూ పడిపోలేదు. తర్వాతి వేసవి కూడా పడిపోలేదు. నేను నా ఉద్యోగంలో చేసిన పని అంటూ ఏదైనా ఉంటే అదే, అదీ నేను చేసింది కాదు.

పడమటి వైపు తడిక మాత్రం కట్టలేదు. అటు వైపు రోడ్డు ఉంది. కంపెనీ పేరు, మా సంస్థ పేరు రాసిన బోర్డు లోపల తూర్పు తడికకి తగిలించారు, అది రోడ్డు మీదకి కనబడాలట. ఒంటిగంట దాటాక ఎండ ఆ వైపు నుంచి నేరుగా లోపలికి వచ్చేది. ఊరు కోసెడు దూరం, ఆ ఎండలో ఇంటికి పోయి రాలేరు. నలభై మందీ తూర్పు మూలకి జరిగి, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు కూర్చునేవారు. అడిగితే తర్వాతి విడతలో చూస్తామన్నారు. తర్వాతి విడత రాలేదు. మా కార్యక్రమమే అయిపోయింది, నేను ఇంకో ఉద్యోగంలోకి మారాను.

అయినా రెండుమూడు నెలలకోసారి కోడలి ఫోన్‌లోంచి ఆవిడ పలకరించేది. బాగున్నావా అని అడగదు. "బాబూ, పడమటి తడికొచ్చిందేటి?" ఇదే పలకరింపు. రాలేదమ్మా అనేవాణ్ణి. "ఫోటో తుడిపేసినావా?" తుడిచేశానమ్మా అనేవాణ్ణి. ప్రతిసారీ ఈ రెండు ప్రశ్నలే, ఈ రెండు జవాబులే.

ఎందుకు చెరపలేదని నన్ను నేను అడిగాను. ఒకటి రెండుసార్లు వేలు అక్కడిదాకా వెళ్ళింది. కానీ ఆవిడ ముఖం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ఆ పిచ్చి టోపీ కిందా, ఆ అద్దాల వెనకా తప్ప. నాకు ఆవిడంటే గౌరవం, ఇష్టం కూడా. ఆ మాట ఆవిడతో అంటే నెత్తిన చెంబెడు నీళ్ళు పోసేది.

ఇప్పుడు కోడలికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్కటే ఉంది, అద్దాలు పెట్టుకున్నది, చెరిపేస్తానని మీ అత్తకి మాటిచ్చాను, పంపమంటావా, మానమంటావా.

"ఆ దినం నాది కదేటి బాబూ," అంది. "నాను పడిపోయిన దినం."

"అవునమ్మా."

"పంపు."

పెద్ద దినానికి వెళ్ళాను. ఊరి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ. నల్లద్దాలు, కంపెనీ టోపీ, చేతిలో కర్ర, గెడ్డం మీద మూడు చుక్కలు, నవ్వులేని నోరు. పైన రెండు పావురాలు, కింద కన్నీటి నివాళి. పొరుగూరి నుంచి వచ్చిన ఒక ముసలాయన దాని ముందు నిలబడి, "ఈవిడ పోలీసులో సేసిందేటి?" అని అడిగాడు. ఎవరూ కాదనలేదు. నేను భోజనం చేసి, తలొంచుకుని వచ్చేశాను. మాట తప్పినవాడికి ఆ ఊళ్ళో అరిటాకు వేసి వడ్డించారు, అదే నాకు ఎక్కువ.

ఏప్రిల్లో ఏదో పని మీద టెక్కలి వెళ్ళి, అటు నుంచి నౌపడలో దిగాను. మళ్ళ మీదికి నడిచేసరికి రెండయింది. నాకు వేళలతో ఎప్పుడూ పొత్తు కుదరలేదు. దూరం నుంచి పాక కనబడింది గాని, లోపలి బోర్డు కనబడలేదు. దగ్గరికి వెళ్ళాను.

పడమటి వైపు ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. అడ్డంగా సరిపోలేదని పక్కన రెండు సిమెంటు సంచులు కుట్టారు. మేస్త్రమ్మ బయటికి, ఎండకేసి తిరిగి నిలబడి ఉంది. రంగులు అప్పుడే వెలుస్తున్నాయి. పావురాలు పోయాయి, టోపీ మీద కంపెనీ పేరు పోయింది. అద్దాలు మాత్రం నల్లగానే ఉన్నాయి.

కోడలు పక్క నుంచి తొంగి చూసింది. చేతిలో ఆ కర్రే ఉంది. ఇప్పుడు మేస్త్రి తనే.

"పడమటి తడికొచ్చింది బాబూ," అంది.

"లోపలికి తిప్పి కట్టకపోయావా? మీకు కనబడేది."

"అమ్మో, లోపలికి తిప్పితే దినమల్లా మమ్మల్నే సూస్తాది, కునుకెక్కడ తీస్తాం? అటు తిప్పినాం. ఎండనే సూడనీ."

నేను ఆ ఫోటో ఎదురుగా నిలబడ్డాను. వాడకం నూటికి నూరు శాతం అని రాసినవాణ్ణి నేను. ఆవిడ అద్దాలు పెట్టుకుని, టోపీ పెట్టుకుని, పొద్దు వాలేదాకా ఎండలో నిలబడి ఉంటోంది. ఇక చెరపాల్సింది ఏమీ లేదనిపించింది. అలాగే నిలబడ్డాను.

"ఏటలా నిలబడిపోయినావు?" అంది కోడలు. "నీ నీడ సూసుకోనేదేటి? లోపలికి రా."

చూసుకున్నాను. నాకన్నా కురచగా ఉంది. లోపల తూర్పు మూలకి ఎవరూ ముడుచుకుని లేరు. పాక నిండా కాళ్ళు బారజాపుకుని పడుకున్నారు. ఒకామె కొంచెం జరిగి చోటిచ్చింది. వెళ్ళి మేస్త్రమ్మ వెనక, నీడలో కూర్చున్నాను.